ఎర్రబుడ్డి ఎవరు తీస్తారు?

కృతజ్ఞతలు చెప్పడం నాకు చేతకాదు. ఇరవై ఆరేళ్ళుగా స్టీరింగ్ పట్టుకున్నవాణ్ణి. హారన్ కొట్టడం వచ్చు, ఎదురుగా అడ్డదిడ్డంగా వచ్చే లారీవాణ్ణి మూడు తరాలు కలిపి తిట్టడం వచ్చు. ఒక మనిషి ఎదుట నిలబడి "మీ మేలు మరిచిపోను" అనమంటే మాత్రం రాదు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. ఇది సత్తెనపల్లిలో మంటలార్పే సిలిండర్లు అమ్మే ఖాజాబీ గారి గురించి.

ముందు నా సంగతి చెప్పాలి. నా పేరు అంకమ్మరావు. మా ఊరు సత్తెనపల్లికి పది కిలోమీటర్లు. నాకు ఎనిమిది సీట్ల వ్యాను ఉంది. మిరప కోతల కాలంలో కూలీలను పొలాలకు చేరుస్తాను, మిగతా రోజుల్లో పెళ్ళిళ్ళు, ఆసుపత్రులు, పెదకాకాని మొక్కుబడులు. ఆ కూలీల ముఠాకి మేస్త్రీ నా భార్య శివపార్వతి. ముఠా ఆవిడది, బండి నాది. ఎవరి మాట ఎవరు వినాలో ఇరవై రెండేళ్ళుగా తేలలేదు.

బండికి ఎఫ్‌సీ, అంటే రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందని ఇచ్చే సర్టిఫికెట్టు, కావాలంటే లోపల మంటలార్పే సిలిండరు ఉండాలి. దాని ఇంగ్లీషు పేరు మా స్టాండులో ఎవరికీ నోరు తిరగదు. ఎర్రబుడ్డి అంటాం. మా స్టాండులో నాలుగు బండ్లున్నాయి, నాలుగింటికీ కలిపి ఒకటే ఎర్రబుడ్డి. అది వీరబాబుది. ఏడాదంతా వాళ్ళ గేదెల పాకలో గుంజకు వేలాడుతూ ఉండేది. ఎవరి బండికి ఎఫ్‌సీ వస్తే వాళ్ళు దాని మీద పేడ మరకలు తుడిచి, పట్టుకెళ్ళి చూపించి, సాయంత్రానికి తెచ్చి మళ్ళీ గుంజకు తగిలించేవాళ్ళు. దాని సూది ఎప్పుడో ఎరుపు గీత మీదికి పడిపోయి అక్కడే ఉండిపోయింది. అంటే లోపల గాలి లేదని అర్థం. ఆ సంగతి నలుగురికీ తెలుసు. పెళ్ళిచూపులకి అరువు తెచ్చుకున్న గొలుసు బంగారమా కాదా అని ఎవరూ గీసి చూడరు కదా, మేమూ చూడలేదు.

కిందటేడు జూన్‌లో నా బండికీ వీరబాబు బండికీ ఒకే రోజు ఎఫ్‌సీ పడింది. బుడ్డి వాడిది కాబట్టి వాడు పట్టుకెళ్ళాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఒక్కరోజు ముచ్చటకి కొత్తది కొనాలా అని తిట్టుకుంటూ సత్తెనపల్లి వెళ్ళాను. ఎవరో చెప్తే ఖాజాబీ గారి షాపు దొరికింది. ఒకటే షట్టరు. బయట వరసగా ఎర్రబుడ్లు, లోపల తూకం యంత్రం, తెల్లపొడి డబ్బాలు. నేలంతా విభూతి జల్లినట్టుంది.

గుమ్మం పక్కన కుర్చీలో ఒకాయన కూర్చున్నాడు. ఒళ్ళో తువ్వాలు, తువ్వాలు కింద రెండు చేతులు. లోపల ఆవిడ ఒక్కతే పెద్ద సిలిండరును చంకన పెట్టుకుని తూకం మీదికి ఎత్తుతోంది. ఈయన చూస్తూ కూర్చున్నాడు గానీ లేవలేదు. పెళ్ళాం బరువులు మోస్తుంటే మొగుడు ఒళ్ళో తువ్వాలు వేసుకుని కూర్చున్నాడు, ఏం మనిషిరా అనుకున్నాను. మనసులో అన్నమాటే అయినా ఇప్పటికీ గుర్తొస్తే తల దించుకోవాలనిపిస్తుంది.

"అమ్మా, ఒక ఎర్రబుడ్డి ఇవ్వండి, తొందరగా. పెద్దది. చూడగానే బ్రేక్ ఇన్‌స్పెక్టరు ఇంకో మాట అడక్కూడదు," అన్నాను.

ఖాజాబీ గారికి యాభై ఉంటాయి. సన్నటి మనిషి. తల మీద చెంగు, మెడలో దారానికి కట్టిన కళ్ళజోడు. ఆ కళ్ళజోడు పెట్టుకుని ముందు నన్ను చూసింది, తర్వాత రోడ్డు మీది నా బండిని చూసింది.

"ఇంజను ఎక్కడుంటుందన్నా? ముందు సీటు కిందేనా?"

"అవును."

"పెట్రోలా?"

"అవును."

"ఏం ఎక్కిస్తారు?"

"మనుషుల్ని. కోతల కాలంలో కూలీల్ని. వాళ్ళతోపాటు కాయల మూటలు."

"ఎంతమంది?"

ఎనిమిది సీట్ల బండిలో పదకొండు మంది ఎలా పడతారో మీరు కూడా అడక్కండి. నేను ఆవిడకి ఎనిమిదనే చెప్పాను. ఆవిడ నమ్మలేదు, గుచ్చి అడగనూ లేదు.

"బుడ్డి ఎవరు తీస్తారు?"

"ఎవరు తీయడమేంటమ్మా? నేనే తీస్తా. బండి నాది."

"నువ్వు లేనప్పుడు?"

"నేను లేకుండా నా బండి ఎక్కడికి పోతుంది?"

ఆవిడ నవ్వలేదు. "ఇంకెవరుంటారన్నా బండి దగ్గర?" అని మళ్ళీ అడిగింది. మా ఆవిడ ఉంటుందని చెప్పాను. ఆవిడ ఎత్తగలదా అంది. నాకు రోషం వచ్చి, "మా ఆవిడ మిరపకాయల టిక్కీనే అవలీలగా ఎత్తుతుంది," అన్నాను. టిక్కీ అంటే నలభై కిలోల బస్తా.

"టిక్కీని రెండు చేతులతో, నడుం వంచి ఎత్తుతారన్నా. ఇది ఒక చేత్తో తలుపు పట్టుకుని ఇంకో చేత్తో తీయాలి," అంది.

నేను వేలు చూపించిన ఆరు కిలోల బుడ్డిని పక్కకు జరిపేసింది. అది మెకానిక్ షెడ్డుకి, గోడకి తగిలించుకునేది అంది. ఇంకో మూల మూతికి నల్లటి గొట్టం ఉన్నది కనిపించింది. అందులో గ్యాసు ఉంటుందట, పొడి పడదట. కాయలు పాడవవు కదా, అది ఇవ్వమన్నాను. "అది మూసిన గదికి మంచిది. పొలం గట్టు మీద గాలికి కొట్టుకుపోతుంది. పైగా బరువు," అంది. దోమలమందు డబ్బాలా చేతిలో పట్టే చిన్న డబ్బా ఒకటుంది. అదెలా ఉంటుందన్నాను. "అది చేతిసంచిలో పెట్టుకోవడానికి బాగుంటుంది," అని దాన్ని కౌంటరు కింద పెట్టేసింది. చివరికి రెండు కిలోల పొడి సిలిండరు ఒకటి తీసి నా ముందు పెట్టింది. దాని మీద ఐఎస్ఐ గుర్తు, తయారైన తేదీ, పచ్చగీత మీద నిలబడ్డ సూది, మూడూ ఒక్కొక్కటే వేలు పెట్టి చూపించింది. కొనడానికి వచ్చానో పరీక్ష రాయడానికి వచ్చానో నాకు అర్థం కాలేదు.

అంతటితో వదిలిపెట్టిందా? స్క్రూడ్రైవరు పట్టుకుని తనే రోడ్డు మీదికి వచ్చింది. నేను వెనక సీటు కింద పడేయమన్నాను. "వెనక మూటల కింద ఉంటే మూటలు తీశాక కదా దొరికేది," అని డ్రైవరు సీటు పక్కన, తలుపు వైపు, కాలి దగ్గర ఒక ఇనుప పట్టీ బిగించి దానికి బుడ్డిని తగిలించింది.

"ఇప్పుడు కిందికి దిగి, తలుపు వేసి, కళ్ళు మూసుకుని బుడ్డి తీయన్నా."

"కళ్ళెందుకు మూసుకోవాలి?"

"బండిలో మిరపకాయలు వేస్తారా లేదా?"

"వేస్తాం."

"కాలే మిరపకాయల దగ్గర కళ్ళు తెరిచి నిలబడ్డ మనిషిని నువ్వెప్పుడైనా చూశావా?"

మా ఇంట్లో పోపులో ఒక్క ఎండుమిరపకాయ మాడితేనే వీధిలో వాళ్ళు కూడా దగ్గుతారు. నడిరోడ్డు మీద, పోయేవాళ్ళంతా చూస్తుండగా, కళ్ళు మూసుకుని తలుపు తీసి, తడుముకుని బుడ్డి అందుకున్నాను. ఎదురుగా టీ కొట్టు దగ్గర ఎవరో నవ్వారు. నా మొహం బుడ్డి కంటే ఎర్రగా అయిపోయి ఉంటుంది.

"ముందు తాళం తిప్పి ఇంజను ఆపు. లోపలున్న మనుషులు ముందు. గాలి నీ వీపుకు తగిలేలా నిలబడు. పిన్ను లాగు, మీట నొక్కు. పైన లేచే మంట మీద కాదు, కింద మొదట్లో కొట్టు. పది అంకెలు లెక్కపెట్టేలోగా అయిపోతుంది, ఊరికే పారబోసుకోకు," అని బళ్ళో పిల్లాడికి చెప్పినట్టు చెప్పింది. "పత్తి మంటైతే పైకి ఆరినట్టు కనిపిస్తుంది, లోపల నిప్పు ఉంటుంది. తర్వాత నీళ్ళో మట్టో పోయాలి. నెలకోసారి బుడ్డిని తిరగేసి అడుగున నాలుగు తట్టు. బండి కుదుపులకి పొడి గడ్డకడుతుంది."

ఎఫ్‌సీ అయిపోయింది. బండికి కొత్తగా రంగు వేయించి ఒక సోమవారం పెదకాకాని తీసుకెళ్ళాం. మా వైపు బండి కొన్నా, రంగు వేసినా పెదకాకానిలో పూజ చేయించాల్సిందే. చక్రాల కింద నిమ్మకాయలు, గుమ్మడికాయ దిష్టి, స్టీరింగుకి బొట్టు, అన్నీ అయ్యాయి. శివపార్వతి పసుపు దారం తీసుకుని స్టీరింగుకి కట్టింది, అద్దానికి కట్టింది, తర్వాత కిందికి వంగి ఎర్రబుడ్డికి బొట్టు పెట్టింది. మీటకీ పిన్నుకీ కలిపి మూడు చుట్లు చుట్టి గట్టిగా ముడేసింది. "ఇదీ మనల్ని కాపాడేదే కదయ్యా," అంది. నాకూ బాగుందనిపించింది.

ప్రతి నెలా ఒకటో తారీకున ఖాజాబీ గారి నుంచి ఫోను వచ్చేది. "బుడ్డి తిరగేశావా అన్నా?" అనేది. తిరగేశానని చెప్పేవాణ్ణి. ఒక్కసారి కూడా తిరగేయలేదు. ఆవిడ నంబరును 'బుడ్డి టీచరు' అని దాచుకున్నాను. ఫోను మోగితే స్టాండులో అందరూ చూసి నవ్వేవాళ్ళు. జనవరిలో కోతలు మొదలవుతాయనగా, "కోతల్లోకి దిగేముందు ఒకసారి చూపించిపో అన్నా, డబ్బులేమీ తీసుకోను," అంది. టిక్కీ సంచులు కొనడానికి మేమిద్దరం ఎలాగూ సత్తెనపల్లి వెళ్ళాలి. సరే, ఈ పరీక్ష కూడా రాసేద్దామని షాపు ముందు ఆపాను.

"కళ్ళు మూసుకుని తీయి," అంది. తీశాను. "పిన్ను లాగు, మీట మాత్రం నొక్కకు," అంది. లాగాను, రాలేదు. ఇంకా గట్టిగా లాగాను, అప్పుడూ రాలేదు. కళ్ళు తెరిచి చూస్తే ఆరు నెలల నుంచి ఎండకీ దుమ్ముకీ గట్టిపడి పసుపు దారం ఇనుప తీగలా పిన్నును పట్టుకుని ఉంది.

శివపార్వతి మొహం పాలిపోయింది. గుమ్మం దగ్గర కుర్చీలో ఉన్న ఆయన లేచి వచ్చాడు. ఆయన లేవడం నేను చూడటం అదే మొదటిసారి. ఒళ్ళో తువ్వాలు కింద పడిపోయింది. రెండు చేతుల మీదా చర్మం మెరుస్తూ ముడతలు పడి ఉంది. వేళ్ళు సగం ముడుచుకుని అలాగే బిగిసిపోయి ఉన్నాయి.

ఆయన పేరు ఇమాం హుస్సేన్. ఖాజాబీ గారి భర్త. ఒకప్పుడు నరసరావుపేట రోడ్డులో ఆయనకి మెకానిక్ షెడ్డు ఉండేదట.

"మా షెడ్డులో కూడా బుడ్డి ఉండేది బావా," అన్నాడు నాతో. "మంచి బుడ్డే, నిండుగానే ఉండేది. రెండుసార్లు దొంగలు ఎత్తుకుపోయారని మూడోసారి కొన్నాక కొక్కేనికి బైండింగ్ వైరుతో గట్టిగా చుట్టేశాను. పెట్రోలు ట్రే అంటుకున్న రోజున ఆ వైరు విప్పడానికే సరిపోయింది నాకు. బుడ్డి చేతికొచ్చేసరికి ఈ చేతులు అయిపోయినయ్." చేతులు వెనక్కి దాచుకోలేదు, మా ముందే పెట్టుకుని మాట్లాడాడు. "నేను దొంగల భయంతో కట్టా, చెల్లెమ్మ భక్తితో కట్టింది. అంతే తేడా."

ఆ తర్వాతే ఖాజాబీ గారు ఈ పని నేర్చుకుందట. ఆరు నెలలు రోజూ బస్సెక్కి గుంటూరు వెళ్ళి, ఒక రీఫిల్లింగు షాపులో తూకం వేయడం, పొడి నింపడం, సూది చూడటం నేర్చుకుని వచ్చి, షెడ్డు అమ్మేసి ఈ షట్టరు తీసుకుంది. కొన్న ప్రతి మనిషి చేతా ఎందుకు కళ్ళు మూయించి బుడ్డి తీయిస్తుందో నాకప్పుడు అర్థమైంది. ఆవిడను బుడ్డి టీచరని నవ్వుకున్నందుకు నా మీద నాకే కోపం వచ్చింది. కోపం నాకు కొత్త కాదు గానీ, అది నా మీదికే రావడం కొత్త.

ఖాజాబీ గారు కత్తెర తెచ్చి శివపార్వతి చేతిలో పెట్టింది. "దేవుడి దారం వదినా, నేను కోయకూడదు. కట్టిన చేత్తో నువ్వే తీసేయి. పారేయొద్దు, ఇనుప పట్టీకి కట్టుకో. అక్కడున్నా కాపాడుతుంది," అంది.

మా ఆవిడ ముడి దగ్గర మెల్లగా కోసి, దారాన్ని తీసి కళ్ళకద్దుకుని పట్టీకి కట్టింది. ఇంక బయల్దేరదామని నేను బండెక్కబోతుంటే, "ఆగన్నా. ఇప్పుడు వదిన తీయాలి," అంది.

"ఆవిడెందుకమ్మా? బండి నడిపేది నేను."

"మంట నీ డ్యూటీ టైము చూసుకుని రాదన్నా."

శివపార్వతి నా వైపు చూడకుండా వెళ్ళి కళ్ళు మూసుకుంది. మొదటిసారి తలుపు పిడి దొరకలేదు. రెండోసారి బుడ్డి పట్టీలో ఇరుక్కుంది. నాకు నవ్వొచ్చి, "ఇంకో నాలుగు ఎకరాలు కాలిపోయినయ్," అన్నాను. మూడోసారి నా కంటే తొందరగా తీసింది. తాళం తిప్పడం, తలుపు మోకాలితో ఆపడం, పిన్ను లాగడం అన్నీ వరసగా చేసింది. ఖాజాబీ గారు అప్పుడు మొదటిసారి నవ్వింది. పిన్ను మళ్ళీ పెట్టి, బుడ్డిని తిరగేసి అడుగున తనే నాలుగు తట్టి పట్టీకి తగిలించింది.

ఫిబ్రవరి మూడో వారం. మా ఊరికి ఉత్తరాన ఒక రైతు మిరపచేలో కోత. పక్కచేలో పత్తి అయిపోయి, కట్టె పీకి డొంక దారి పక్కన పరిచి ఉంది. ఇక్కడొక మాట చెప్పాలి. వానాకాలంలో డొంకల్లో బండ్లు దిగబడతాయి. అందుకని పత్తికట్టె ఎక్కడ కనిపిస్తే అక్కడ, దాని మీదికే ఎక్కించి బండి ఆపడం మాకు అలవాటు. చక్రం జారదు, బురద అంటదు. ఆ అలవాటు చొప్పున వాన చుక్క లేని రోజుల్లో కూడా కరకరలాడే కట్టె మీదికే ఎక్కించి ఆపాను. పైగా ఆరోజు బ్యాటరీ మొరాయిస్తోంది. ఆపితే మళ్ళీ స్టార్టవదని ఇంజను ఆన్‌లోనే ఉంచి, రైతు పిలిస్తే, కూలీలు మూటలు సర్దుకునేలోగా వచ్చేద్దామని గట్టు అవతలికి మజ్జిగ తాగడానికి వెళ్ళాను. కాలుతున్న సైలెన్సరు కింద ఎండు పత్తికట్టె. నిన్నగాక మొన్న బండి నేర్చుకోవడానికి వచ్చిన వాడు కూడా చేయని పని.

ఆ రోజు ముఠాలో పదకొండు మంది. అందరికంటే పెద్దది దీనమ్మ. ఆవిడ మోకాళ్ళు పనిచేయవు. కోతలో కూర్చుని జరుగుతుంది, బండి మాత్రం ఇద్దరు పట్టుకుని ఎక్కించాలి. అందుకని ఆవిడను ముందే ఎక్కించి వెనక సీట్లో కూర్చోబెట్టారు. మిగతావాళ్ళు బోరు దగ్గర చేతులు కడుక్కుంటున్నారు. చేతులు కడక్కుండా బండెక్కితే ఇంటికి చేరేలోగా కళ్ళు, మొహం అన్నీ మండిపోతాయి. శివపార్వతి ఒక్కతే వెనక నిలబడి తాలుకాయల మూటలు సర్దుతోంది. తాలు అంటే రంగు పోయిన కాయలు, కూలీలు ఇంటికి తెచ్చుకునేవి.

నేను మజ్జిగ గ్లాసు ఎత్తుతున్నాను. రైతు నా భుజం మీదుగా చూసి నోరు తెరిచాడు. వెనక్కి తిరిగితే బండి ఎడమ పక్క కింది నుంచి మంట లేస్తోంది. పెట్రోలు ట్యాంకు కిందే ఉంటుంది. దిగే తలుపు కూడా ఎడమ పక్కనే.

పరుగెత్తాను. యాభైకి దగ్గరపడ్డ ఒళ్ళు, చేలో మిరప చాళ్ళు, ఎంత పరుగెత్తినా బండి దగ్గరపడలేదు. అప్పటికే తాలు మూటకి నిప్పంటుకుంది. ఆ ఘాటు నా దాకా వచ్చి కళ్ళు మూసుకుపోయాయి. దగ్గుతూ, పడుతూ, లేస్తూ పరుగెత్తుతున్నాను. లోపల దీనమ్మ అరుపు వినిపిస్తోంది. శివపార్వతి గొంతు వినిపించడం లేదు. నా జన్మలో అంత భయం ఎరగను. అయిపోయిందిరా, ఇంక ఇంటికి ఏ మొహం పెట్టుకుని వెళ్తావు అనుకున్నాను. అంతలో ఇంజను చప్పుడు ఆగిపోయింది.

ఎందుకు ఆగిందో నాకు తెలియలేదు. తర్వాత దీనమ్మ చెప్పింది. ఘాటుకి కళ్ళు మూసుకుపోయిన శివపార్వతి బండి కుడిపక్కన రేకును చేత్తో తడుముకుంటూ ముందుకు వచ్చిందట. తలుపు పిడి పట్టుకుని, తీసి, మోకాలితో ఆపి, ముందు తాళం తిప్పిందట. తర్వాత కాలి దగ్గరికి చెయ్యి దించిందట. "ఇంట్లో గూట్లో ఉప్పు డబ్బా తీసుకున్నట్టు తీసింది అయ్యా," అంది దీనమ్మ. ఆ బుడ్డితో సెగను బట్టి ఎడమ పక్కకు తిరిగి వచ్చి, కింద మొదట్లో కొట్టిందట.

నేను చేరేసరికి బండి చుట్టూ తెల్లటి పొగ. మంట లేదు. కట్టె మీద, చక్రం మీద, శివపార్వతి జుట్టు మీద తెల్లపొడి. బోరు దగ్గరి ఆడవాళ్ళు బిందెలతో, నీళ్ళ డబ్బాలతో ఉరికి వచ్చారు. "నీళ్ళు పోయండి, లోపల నిప్పుంటుంది! మట్టి వేయండి!" అని శివపార్వతే కేకలు పెడుతోంది. ఇద్దరు దీనమ్మను చంకల కింద పట్టుకుని దింపి గట్టు మీదికి మోసుకుపోయారు.

మా ఆవిడ ఇంకా కళ్ళు తెరవలేదు. కుడిచేతిలో ఖాళీ బుడ్డి. పొడి ఎప్పుడో అయిపోయింది, మీట మాత్రం నొక్కే ఉంది.

"అయిపోయిందే పార్వతీ, వదిలెయ్," అన్నాను.

"దీనమ్మ దిగిందా?"

"దిగింది."

"నువ్వు చెప్తే నమ్మను. దీనమ్మా!" అని అరిచింది.

"ఇక్కడున్నానే తల్లీ," అంది గట్టు మీది నుంచి దీనమ్మ. అప్పుడు మీట వదిలింది. నేను ఆవిడ పక్కనే మట్టిలో కూలబడి అందరిముందూ ఏడ్చాను. మా ముఠా ఆడవాళ్ళు దానికి ఇప్పటికీ నన్ను వదిలిపెట్టరు. ఎంతైనా ఎగతాళి చేసుకోనివ్వండి.

మర్నాడు వీరబాబు బండిలో ఇద్దరం సత్తెనపల్లి వెళ్ళాం. ఖాళీ బుడ్డి శివపార్వతి ఒళ్ళో ఉంది. షాపు బయట వరసగా ఉన్న బుడ్లను చూస్తూ వీరబాబు నిలబడ్డాడు. నేను దారి పొడుగునా ఆవిడతో ఏం చెప్పాలో నాలుగుసార్లు మనసులో అనుకున్నాను. గుమ్మం ఎక్కేసరికి ఒక్క మాటా గుర్తులేదు.

ఖాజాబీ గారు బుడ్డిని చూసింది. సూది కింద పడిపోయి ఉంది, పిన్ను లేదు. చూడగానే ఆవిడకు అర్థమైపోయింది.

"అందరూ దిగారా?" అంది.

"దిగారు వదినా," అంది శివపార్వతి.

"ఎవరు తీశారు?"

నేను తల దించుకుని మా ఆవిడను చూపించాను. ఖాజాబీ గారు కళ్ళజోడు తీసి చెంగుతో తుడవడం మొదలుపెట్టింది. ఎంతసేపు తుడిచినా మళ్ళీ పెట్టుకోలేదు.

గుమ్మం దగ్గర కుర్చీలోంచి ఇమాం హుస్సేన్ అన్నయ్య పిలిచాడు. ఆయన్ని అన్నయ్యా అని పిలవడం శివపార్వతి అప్పటికే మొదలుపెట్టింది, ఆరోజు నుంచి నేనూ అలాగే పిలుస్తున్నాను. "ఇటు రా చెల్లెమ్మా, చేతులు చూపించు," అన్నాడు.

శివపార్వతి వెళ్ళి ఆయన ముందు కింద కూర్చుని రెండు అరచేతులూ చాచింది. కాయల రంగు పట్టి ఎర్రగా ఉన్నాయి, గోళ్ళ సందుల్లో ఇంకా తెల్లపొడి ఉంది. ఆయన తువ్వాలు పక్కన పెట్టి, ముడుచుకుపోయిన తన వేళ్ళ వెనక భాగంతో ఒక చెయ్యి తిప్పి చూశాడు, తర్వాత రెండోది తిప్పి చూశాడు. ఎక్కడా ఒక్క బొబ్బ కూడా లేదు. వదిలిపెట్టకుండా అలాగే పట్టుకుని, "చాలమ్మా, నాకిది చాలు," అన్నాడు.